ఐయామ్ ప్రాక్టికల్ అని చదివిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఇంగ్లీషు మాటను తప్పుగా చదివి మా తాతయ్య ప్రాణం మీదికి తెచ్చాను. ఇప్పుడు ఏ మాటకైనా అర్థం ఫోనులో క్షణంలో దొరుకుతోంది. అర్థం తెలియకుండా తెలిసినట్టు చెబితే ఏమవుతుందో మాత్రం ఫోను చెప్పదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పలాసకు తూర్పున, ఉద్దానంలో మాది కొబ్బరి తోట. ఆ ఏడు తుఫానుకు సగం చెట్లు కూలిపోయాయి. కొన్ని చెట్లు మాత్రం వేళ్లు పూర్తిగా తెగకుండా పక్కకు ఒరిగిపోయాయి. వాటిని మోకులతో లేపి నిలబెట్టాలని తాతయ్య పట్టుదల. అవీ పోతే మాకు తిండికి వేరే దారి లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారిని సలహా అడిగాడు. ఆయన జీపు ఎక్కే తొందరలో చీటీ మీద ఇంగ్లీషులో ఒక్క మాట గీకి, చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఏడో తరగతి.

"ఏటి రాసేడే గుంటా?" అన్నాడు తాతయ్య.

ముందు ఐ, ఎమ్. కాస్త ఎడంగా ప్రాక్టికల్. ఐయామ్ అంటే 'నేను' అని తెలుసు. ప్రాక్టికల్ అంటే హైస్కూల్లో పెద్ద పిల్లలు చేసి చూసే పాఠం. ఇంతకు మించి తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. చేసి చూడమన్నాడు తాతా, అనేశాను.

మర్నాడే నాన్న, పక్కింటి మావ, మరో నలుగురు మోకు పట్టారు. చెట్టు మూలుగుతూ లేచింది. నేలలో వేళ్లు పటపట తెగుతున్నాయి. తాతయ్య చెట్టు మొదట్లో వంగి గుంటలో మట్టి తొక్కుతున్నాడు. నేను చెప్పిన అర్థం మీద నాకే నమ్మకం లేదన్న సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఆగమని అరుద్దామంటే నోరు పెగల్లేదు. అంతలో మోకు తెగింది. మావ ఒక్క ఉరుకున తాతయ్యను రెక్క పట్టి లాగాడు. చెట్టు ఆయన కాలికి జానెడు దూరంలో పడింది.

ఏడుస్తూ నిజం చెప్పాను. తాతయ్య ఒంటి మీది మట్టి దులుపుకున్నాడు.

"తెలవదని సెప్తే నేనేటైనా అనీసీవోణ్నేటే?" అన్నాడు.

మరుసటి రోజు నన్ను బస్సెక్కించి పలాస గ్రంథాలయానికి తీసుకెళ్లాడు. అక్కడి మాస్టారు లావుపాటి డిక్షనరీ తీసి, మాట మీద వేలు పెట్టించి నాచేతే చదివించారు. ఇంప్రాక్టికల్, అంతా ఒకటే మాట. ముందున్న 'ఇమ్' కాదని చెప్పే ముక్క. అసాధ్యం అంటే ఎప్పటికీ జరగనిదనీ, ఇది మాత్రం తలపెట్టిన పద్ధతిలో చేతల్లో కుదరనిదనీ విడమరిచి చెప్పారు.

తాతయ్య ఆలోచనలో పడ్డాడు. "అలాగైతే సిన్న మొక్కల మాటేటి బాబూ?"

మాస్టారు నవ్వారు. "అది ఈ పుస్తకంలో లేదు. తోటలో మీరే చూసుకోవాలి."

ముదురు చెట్లను వదిలేశాం. రెండు మూడేళ్ల మొక్కలను మెల్లగా లేపి వెదురు ఊతలు పెట్టాం. కొన్ని చచ్చిపోయాయి. బతికినవి ఆ తర్వాత మా ఇంటిని నిలబెట్టాయి.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ గ్రంథాలయం మాత్రం నన్ను వదల్లేదు, డిక్షనరీ అట్ట ఊడేదాకా చదివాను. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా పనిని ఇంప్రాక్టికల్ అని కొట్టిపారేస్తే, ముదురు చెట్టుకా, మొక్కకా అని అడుగుతాను.

వేలు పెట్టించి చదివించిన మాస్టారికి, రెక్క పట్టి లాగిన మావకు నా దండాలు. తాతయ్యకు మాత్రం ఆ రోజు నోటికి రాని మాటే ఇప్పుడు చెప్పుకుంటున్నాను. నాకు తెలీదు తాతా, కనుక్కొని చెప్తాను.