మామయ్య అడిగిన ఇరవై రోజులు

మా మామయ్య పోయారన్న కబురు నాకు ఆరో తరగతి గదిలో అందింది. బోర్డు మీద భిన్నాలు వేయిస్తున్నాను. ఆయమ్మ వచ్చి, ఆఫీసు గదిలో ఫోను ఉందని పిలిచింది. అవతల మా ఆయన. "బాపు పోయిండు" అన్నారు, అంతే. ఊపిరి అందక వారం రోజులుగా దవాఖానలో ఉన్న మనిషి. ఆ మాట వినడానికి సిద్ధంగానే ఉన్నాననుకున్నాను. క్లాసుకు తిరిగి వెళ్లి, సగంలో ఆగిన లెక్క పూర్తి చేద్దామని సుద్దముక్క తీసుకున్నాను. దాన్ని ముందు బెంచీ పిల్ల చేతికిచ్చి బయటికి వచ్చేశాను.

ఆయన గురించి చెప్పుకోదగ్గ పెద్ద విషయాలేవీ లేవు. మంథని వైపు ఒక పల్లెలో పుట్టారు. ఇరవై ఏళ్లకు గోదావరిఖని వచ్చి బొగ్గు బావిలో దిగారు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రిటైరయ్యేదాకా అదే చేశారు. చేతుల మీది పాత గాయాల్లో బొగ్గుపొడి చర్మం కిందే ఉండిపోయి నీలం గీతల్లా కనిపించేది. నేను పెళ్లయి తెనాలి నుంచి వచ్చేనాటికే మా అత్తగారు లేరు. మామయ్యకూ నాకూ మధ్య మాటలు చాలా తక్కువ. మొదట్లో ఒకరి యాస ఒకరికి సగమే తెలిసేది. ఆ తర్వాత అలవాటుగా తక్కువే మాట్లాడుకున్నాం. రోజూ పొద్దున్నే లేచి వాకిలి ఆయనే ఊడ్చేవారు. వద్దని చీపురు తీసుకోబోతే, "మరి నేనేం జెయ్యాలె బిడ్డా, కూసోని దగ్గాల్నా?" అనేవారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మూడేళ్ల కిందటి సంగతి. అప్పుడు మా పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. ఇద్దరూ నేను పాఠాలు చెప్పే బడిలోనే చదువుతున్నారు. ఒక రోజు భోజనాల వేళ పెద్దదాని క్లాసు టీచరు ఒక చీటీ మడిచి నా టిఫిను డబ్బా కింద పెట్టి వెళ్లింది. "పాప తలలో పేలున్నాయి మేడం. పక్క పిల్లల అమ్మలు అడుగుతున్నారు" అని రాసి ఉంది. ఆ మధ్యాహ్నం వరండాలో నడుస్తూ కిటికీలోంచి చూశాను. మా అమ్మాయి చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. అలా రెండు రోజులుగా కూర్చుంటోందట. నాతో ఒక్క మాట చెప్పలేదు. టీచరు కూతురినని దానికి సిగ్గు. టీచరునని నాకు అంతకంటే ఎక్కువ సిగ్గు.

మందుల దుకాణం నుంచి పేల షాంపూ తెచ్చాను. వారం బాగానే ఉంది, మళ్లీ వచ్చాయి. ఇంకోసారి తెచ్చాను. మళ్లీ అంతే. మా వీధిలో బర్రెలు పెట్టుకున్న ఒకావిడ చిన్న సీసా తెచ్చి ఇచ్చింది. పశువుల ఒంటిని పట్టుకుని ఉండే గోమార్లు చావడానికి పట్టించే మందు. "మా ఇంట్ల అందరం పెట్టుకున్నం టీచరమ్మా, ఏం గాదు. ఒక్క పూటల సాఫ్ అయితయ్" అంది. ఇంకెప్పుడైనా అయితే ఆ సీసా ముట్టేదాన్ని కాదు. కానీ ఆ చివరి బెంచీ నా కళ్లముందే ఉంది.

ఆదివారం పొద్దున పెరట్లో పెద్దదాన్ని బండ మీద కూర్చోబెట్టి తల వంచమన్నాను. మగ్గులో మందు కలిపాను. ఆ వాసన ముందు వాకిట్లో కూర్చున్న మామయ్యకు తగిలినట్టుంది. గోడ పట్టుకుని మెల్లగా వచ్చారు. సీసా ఎత్తి చూశారు. ఏమీ అడగకుండా నా చేతిలోని మగ్గు తీసుకుని మోరీలో పారబోశారు. నాకు కోపం వచ్చింది.

"రేపు బడికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి మామయ్యా? మీకేం, మీరు ఇంట్లో కూర్చుంటారు" అన్నాను. అంత మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

ఆయన అదే బండ మీద, మనవరాలి పక్కన కూర్చున్నారు. ఆయాసం తగ్గాక చెప్పారు.

"నాకొక చెల్లె ఉండె బిడ్డా. గీ పిల్లంతనే ఉండె. ఒత్తు జుట్టు. తల నిండ పేండ్లు. మా అవ్వ చేన్ల కొట్టే పురుగుల మందు నూనెల కలిపి పెట్టి, గుడ్డ గట్టింది. ఊల్లె అందరు గట్లనే జేసేటోళ్లు. పొద్దుగాల పెట్టింది. మాపటికి పిల్ల నోట్లెకెళ్లి నురగ వచ్చింది. బండి గట్టుకోని దవాఖానకు తీస్కపోయినం. మళ్ల ఇంటికి తేలే."

మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదని తర్వాత తెలిసింది. అన్నేళ్లు ఎవరికీ చెప్పలేదట.

నేను సీసా మూత బిగించి, "అయితే ఇద్దరికీ గుండు కొట్టిస్తాను. అడిగినవాళ్లకు మొక్కు అని చెబుతాను" అన్నాను. పెద్దది రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తింది. మామయ్య దాన్నే చూస్తూ, "ఇరవై రోజులు నాకియ్యి బిడ్డా. అప్పటికీ పోకుంటె నీ ఇష్టం" అన్నారు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. ఈర్పెన కొత్తది కొనుక్కొచ్చారు, పళ్లు బాగా సన్నగా ఉన్నది. పిల్లల తలలకు కొబ్బరినూనె బాగా పట్టించి, జుట్టు నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయనూ మొదలు నుంచి చివరిదాకా దువ్వేవారు. ప్రతిసారీ దువ్వెనను తెల్లగుడ్డకు తుడిచి, వెలుతురుకు పట్టి చూసేవారు. అయిపోయాక దువ్వెనను మరిగే నీళ్లలో వేయించేవారు. దిండు గలేబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయమనేవారు. ఒక్కో తలకు గంట పట్టేది. మధ్యలో ఆయాసం వస్తే ఆగేవారు. పిల్లలు కూడా తొందరపడేవారు కాదు.

"షాంపూతో చచ్చాయి కదా తాతా, మళ్లీ ఎందుకొచ్చాయి?" అని అడిగింది పెద్దది.

"మందు పేనును సంపుతది గని ఈరును సంపదు. ఈరు పగిలి పిల్ల బయటికొస్తది. అది పెద్దగయి మళ్ల గుడ్డు పెట్టకముందె మన దువ్వెనకు చిక్కాలె. గందుకే రోజు తప్పి రోజు దువ్వాలె. గిదే లెక్క. మీ అమ్మ లెక్కల టీచరు గదా, అడుగు."

నేను గిన్నెలు తోముతూ విన్నాను. అంత చిన్న లెక్క నాకు తట్టలేదు.

పది రోజులకు దువ్వెనలో ఏమీ పడలేదు. పన్నెండో రోజు పెద్ద పేను ఒకటి, పద్నాలుగో రోజు మరో రెండు. మామయ్య ఆ రోజంతా ఏదో ఆలోచిస్తూ ఉన్నారు. సాయంత్రం నేను టీ ఇస్తే గ్లాసు తీసుకుని, నా వైపు చూడకుండా, "ఒక మాట అంట, తప్పుగ అనుకోకు బిడ్డా" అన్నారు.

"చెప్పండి మామయ్యా."

"పిల్లలు నీ పక్కలనే పండుకుంటరు."

నాకు అర్థమైంది. ఎన్నో రోజులుగా క్లాసులో నేనూ పెన్ను మూతతో తల గోక్కుంటున్న సంగతి నాకు తెలుసు. చెమట అనుకున్నాను, చుండ్రు అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వీధి వైపే చూస్తూ చెప్పుకుపోయారు.

"బాయిల దిగేటప్పుడు అందరి జేబులు తడిమి చూస్తరు, బీడీలు, అగ్గిపెట్టె ఉన్నయేమోనని. నన్ను జూస్తరు, మేనేజరును గూడ జూస్తరు. ఒక్కని తాన ఉన్నా, లోపట గ్యాసు అంటుకోని అందరి పానం మీదికొస్తది. అండ్ల సిగ్గుపడేదేమున్నది, ఇజ్జత్ పోయేదేమున్నది?"

కోడలి తల మామ ముట్టుకోవడం మా ఇళ్లలో లేదు. ఆయన ఏం చేశారంటే, వాకిట్లో తన కుర్చీని వీధి వైపు తిప్పుకున్నారు. నన్ను వెనక గడప దగ్గర కూర్చోమన్నారు. నా వెనక మా పెద్దది నిలబడింది, దువ్వెన పట్టుకుని. ఆయన మా వైపు వీపు పెట్టి, ఒక్కసారి కూడా తిరగకుండా, మాటలతోనే అంతా చేయించారు.

"ఒక దిక్కుకెళ్లి సురువు జెయ్యి. అడ్డదిడ్డం పోతే ఎనక మిగులుతయ్. చెవు ఎనక జూసినవా?"

"చూశాను తాతా."

"మెడ మీద?"

"అక్కడ చాలా ఉన్నాయి తాతా."

"ఉండనీయ్. జల్ది లేదు. అమ్మకు నొప్పి గాకుంట తియ్యి."

పెళ్లయి అమ్మ దగ్గర నుంచి వచ్చాక నా తల మరొకరు దువ్వడం అదే మొదటిసారి. తొమ్మిదేళ్ల పిల్ల చేతులు. నేను ఏడ్చాను. ఆయనకు వినబడే ఉంటుంది. దారిన పోతున్న ఎవరినో పిలిచి, వానలు ఎట్లున్నాయని గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

చివరి వారంలో ఇంకో మాట చెప్పారు. "మన ఇంట్ల ఉండెనని చెప్పితెనే వాళ్ల ఇండ్లల్ల జూసుకుంటరు. లేకుంటె బడికెళ్లి మళ్ల వస్తయ్." పెద్దదాని పక్కన కూర్చునే ముగ్గురు పిల్లల అమ్మలకు ఫోను చేశాను. ఒకామె విసుక్కుని పెట్టేసింది. ఒకామె నవ్వి, చూస్తానంది. మూడో ఆమె ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. తర్వాత, "మా ఇంట్లో కూడా ఉన్నాయి టీచర్, ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు" అంది. ఎలా దువ్వాలో మామయ్య చెప్పినట్టే చెప్పాను.

ఇరవై రోజులు అనుకున్నది ఇరవై ఆరయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ పేలు పడలేదు. పెద్దది రెండో బెంచీకి వెళ్లి కూర్చుంది. మామయ్యా నేనూ మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది. తెనాలి కాలువల గురించి అడిగేవారు. బావిలోపల పని గురించి నేను అడిగేదాన్ని. ఆ మాటలకు మాకు దొరికింది మూడేళ్లే.

దవాఖానకు తీసుకెళ్లిన రోజు పొద్దున పిల్లలిద్దరూ బడికి తయారై గేటు దగ్గర ఉన్నారు. ఆటో వచ్చింది. మా ఆయన పట్టుకుని ఎక్కించారు. మాట్లాడే ఓపిక మామయ్యకు లేదు. చిన్నదాని జడకు కట్టిన రిబ్బను ఒక పక్క జారి ఉంది. ఆటోలోంచి చెయ్యి చాపి దాన్ని సరిచేశారు. ఆటో కదిలింది. చిన్నది మాత్రం, తాత చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టు, ఆటో మలుపు తిరిగేదాకా తల కదపకుండా నిలబడింది.