బావి కోసం తిరిగిన గురువారాలు

మా ఆయనకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చినప్పుడు గోదావరి వైపు నుంచి వచ్చేశాం. సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఇక్కడే అయ్యాయి. ముప్పై ఏళ్లలో నేను చూసిన సంగారెడ్డి అంటే కూరగాయల మార్కెట్టు, బ్యాంకు, పిల్లల కాలేజీ, ఆసుపత్రి. అంతకు మించి చూడాలన్న కోరిక కూడా ఉండేది కాదు.

పక్కింట్లో అక్క ఉండేది. తోడబుట్టినది కాదు, కానీ ఆవిడను నేను మరో పేరుతో పిలిచింది లేదు. నాకంటే ఆరేళ్లు పెద్ద. బొల్లారం అవతలి పల్లెలో రైతు బిడ్డ. భర్త మందుల కంపెనీలో పనిచేసి, ఇక్కడ ఇల్లు కొని, నాలుగేళ్ల కిందట పోయాడు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తే పగలంతా అక్క ఒక్కతే.

ఒక మధ్యాహ్నం డాబా మీద మిరపకాయలు ఆరబోస్తూ అక్క ఉన్నట్టుండి అంది.

"చెల్లే, నాకు ఒక్కపారి ఈత కొట్టాలనుంది."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"ఎగతాళి కాదు. చిన్నప్పుడు మా బాయిల దుంకేదాన్ని. పెండ్లయినంక నీళ్లల్ల దిగనే లేదు."

"మీ ఊళ్లో ఆ బావి ఉందిగా అక్కా?"

"ఉన్నది. కాళ్లు గూడ కడుగరు అండ్ల. కంపెనీలొచ్చినంక నీళ్లు ఎర్రగయినయ్."

హైదరాబాద్‌లో ఈత కొలనులుంటాయి, అక్కడికి వెళ్దామా అన్నాను. "గా మందు వాసన నీళ్లల్లనా? గా బట్టలు నేనేస్తనా?" అని మిరపకాయలు తిరగేసింది. నేను కాలువ గట్టు మీదే పుట్టాను, కానీ నాకు ఈత రాదు. ఆడపిల్ల నీళ్ల దగ్గరికి వెళ్లకూడదని మా నాన్న కాలువ వైపు తలుపు మూసే ఉంచేవాడు. ఆ మాట చెబితే అక్క నావైపు జాలిగా చూసింది.

అప్పటికి ఆడవాళ్లకు బస్సు టికెట్ తీసేశారు. ఆధార్ చూపిస్తే చాలు. వచ్చే గురువారం ఏదో ఒక బస్సెక్కి బావి వెతుకుదామంది అక్క. ఇంట్లో బాబా గుడికని చెప్పాం. మరీ అబద్ధం కాకూడదని బస్సులోంచే గుడి వైపు దండం పెట్టుకున్నాం.

బావి దొరకడం అంత కష్టమని మాకు తెలియదు. బోర్లు పడ్డాక చాలా బావులు పూడ్చేశారు. కంది దగ్గర ఒకదాని నిండా చెత్త ఉంది. ఇంకోచోట ప్లాట్లు వేసిన వెంచర్‌లో కాపలా మనిషి సిమెంటు రోడ్డు చూపించి, బావి దాని కిందే ఉందన్నాడు. సదాశివపేట వైపు ఒక రైతు, మేము భూమి బేరానికి వచ్చామనుకుని ఎకరం రేటు మొదలుపెట్టాడు.

"భూమొద్దు బిడ్డా, బాయి చూపియ్యి," అంది అక్క. అతనికి ఏమీ అర్థం కాలేదు.

ఆ రోజు తిరుగు బస్సు తప్పిపోయింది. నా చెప్పు తెగింది. ఎండలో చాలా దూరం నడిచి, పత్తి బస్తాల ట్రాక్టర్‌లో కూర్చుని రోడ్డుకు చేరాం. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో ఇంటికొచ్చి, గుడిలో జనం ఎక్కువని చెప్పాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. వంటింట్లో నీళ్లు తాగుతూ నాలో నేనే నవ్వుకున్నాను. అంతకుముందు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో నాకు గుర్తు రాలేదు.

ఏడో గురువారం జోగిపేట రోడ్డులో, చెరుకు తోట వెనక దొరికింది. రాతిమెట్ల బావి. నీళ్లు ఆకుపచ్చగా, తేటగా ఉన్నాయి. ఆ తోట ముసలి రైతు మా మాట విని నవ్వలేదు.

"మంచి నీళ్లే తల్లీ. నేను గా గట్టు మీదుంట. ఎవ్వల్ని రానియ్య," అని వెళ్లిపోయాడు.

అక్క కళ్లజోడు నా చేతికిచ్చి, చీర గోచి పోసుకుని మెట్లు దిగింది. దోసిలితో నీళ్లు తల మీద పోసుకుంది. తర్వాత కనబడలేదు. "అక్కా, అక్కా," అని పిలుస్తూనే ఉన్నాను. అవతలి గోడ దగ్గర తేలింది. వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, చేతులు మెల్లగా ఆడిస్తూ ఉండిపోయింది.

"రా చెల్లే. మెట్టు పట్టుకొని నిలవడు. నేనున్న గద."

"వచ్చేవారం దిగుతానక్కా. మార్చుకోవడానికి చీర తెచ్చుకోలేదు."

అక్క మళ్లీ అడగలేదు.

వచ్చేవారం వాన. ఆ తర్వాతి వారమూ వానే. మూడో వారం అక్కకు జ్వరం వచ్చింది. డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆసుపత్రిలో చేర్చారు. నేను డాక్టరును పక్కకు పిలిచి, నీళ్లలో తడిస్తే ఇలా వస్తుందా అని అడిగాను. దోమల వల్లేనమ్మా అన్నాడు. అతను చెప్పింది నమ్మాలని చాలా ప్రయత్నించాను. మంచం పక్కన కూర్చుంటే అక్క నా చెయ్యి లాగింది.

"బాయి సంగతి ఇంట్ల చెప్పకు. పొల్ల పరేషాన్ అయితది," అంది. కోడలిని ఆవిడ పొల్ల అనే అనేది. రెండు రోజుల తర్వాత అక్క పోయింది.

చావింట్లో నేను పక్కింటామెను. బంధువుల వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. దశదినకర్మ నాడు, అత్తగారింటి నుంచి వచ్చిన అక్క కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది.

"పిన్నీ, అమ్మ ఆఖర్ల ఆఖర్ల మస్తు ఖుషీగుండె. ఏమైంది?"

అక్క వద్దన్న మాట గుర్తుంది. అయినా చెప్పేశాను. ఆ అమ్మాయి నమ్మలేనట్టు చూసింది.

"అమ్మకు ఈతొచ్చా? మాకెవ్వరికీ తెల్వదు." నా వైపు జరిగి అడిగింది. "ఎట్ల కొట్టింది?"

వెల్లకిలా ఎలా పడుకుందో చేతులతో చూపించాను. ఆ అమ్మాయి నా చేతులనే చూస్తూ ఏడ్చింది.

చలికాలంలో ఒక్కదాన్నే జోగిపేట బస్సెక్కాను. మార్చుకోవడానికి చీర కూడా సంచిలో పెట్టుకున్నాను. రైతు నన్ను గుర్తుపట్టి, పెద్దమ్మ ఏదని అడిగాడు. చెప్పాను. తలపాగా తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత పోయినసారి లాగే గట్టు మీదికి వెళ్లాడు.

రెండు మెట్లు దిగాను. పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మూడో మెట్టు కనబడుతూనే ఉంది, కానీ దిగలేకపోయాను. బస్సు టైమయ్యాక లేచి, తడి కాళ్లతోనే చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను.