ఈలకు సరిపోయే పళ్ళు

పన్ను పీకుతానంటే భయపడేవాళ్ళు రోజుకు నలుగురైనా వస్తారు నా దగ్గరికి. నొప్పి అంటారు, బీపీ అంటారు, ఇవాళ మంగళవారం అంటారు. చిక్కడపల్లి సందులో పద్దెనిమిదేళ్ళుగా పళ్ళ క్లినిక్ నడుపుతున్నాను, ఈ సాకులన్నీ నాకు కంఠతా వచ్చు. ఉమాకాంత్ గారు చెప్పిన సాకు మాత్రం నేను బుద్ధెరిగాక వినలేదు.

"పీకితే నా ఈల పోతుందమ్మా," అన్నారాయన.

డెబ్బై రెండేళ్ళ మనిషి. టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పై పళ్ళన్నిటికీ చిగుళ్ళు పట్టు వదిలేశాయి, వేలితో తాకితే చాలు కదులుతున్నాయి. ఇంకో ఆర్నెల్లు ఆగితే అన్నం ముద్దతో పాటు ఒక్కొక్కటీ వాటంతటవే ఊడొస్తాయి. ఆ మాటే చెప్పాను, కాస్త గట్టిగానే. నాకు ఓపిక తక్కువ.

"బాబాయిగారూ, ఈల వేసేది పెదాలతో కదండీ? దానికి పళ్ళతో ఏం పని?"

"ముందు పళ్ళ మధ్య ఈ సందు చూశావా? అంతా దీని మహిమేనమ్మా!" అని, పెదాలు సున్నాలా చుట్టి, నా కుర్చీలో వెల్లకిలా పడుకునే అందుకున్నారు.

అబ్బ! బయట ఆటోల హారన్లు మోగుతున్నాయి, వాటి మధ్యనుంచి సన్నగా లేచింది ఆ ఈల. నాలుగు మెట్లు పైకి, చిన్న విరుపు, మళ్ళీ రెండు మెట్లు కిందికి. నాకు తెలిసిన బాణీయే! ఆదివారాలు స్కూటరు తుడుస్తూ మా నాన్న తీసే కూనిరాగం అది. ఏ పాటో ఎన్నడూ అడగలేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది, ఇక అడుగుదామన్నా లేరు. చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది.

"ఏ పాటండీ ఇది?"

"పాట కాదమ్మా, థీమ్ మ్యూజిక్కు. దీనికి మాటలుండవు."

ఆ రోజు పన్ను పీకలేదు. బయట ముగ్గురు దవడలు పట్టుకుని కూర్చునుంటే, లోపల నేను కథ వింటూ కూర్చున్నాను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో వాళ్ళ నాన్నగారు తెనాలి నుంచి గుమాస్తాగా వచ్చి చిక్కడపల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారట. పదహారేళ్ళు వచ్చేసరికి ఉమాకాంత్ గారికి ఇంగ్లీషు సినిమాల పిచ్చి పట్టింది. ఆదివారం ఉదయం ఆట, నారాయణగూడలో, నేల టిక్కెట్టు. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మాటలు అర్థం కావు కాబట్టి మ్యూజిక్కంతా వినేవాణ్ణి," అన్నారు. టోపీ పెట్టుకున్న మనిషి గుర్రమెక్కి ఎర్రటి దుమ్ములో వస్తుంటే వెనక ఎవరో ఈల వేసేవాడు. ఇంట్లో గ్రామఫోను లేదు, ఆ సంగీతం రేడియోలో రాదు. అందుకని హాలు నుంచి ఇంటికి నడిచి వచ్చేలోగా ఈలతో పట్టేసుకోవాలి. దారిలో స్నేహితులు పలకరిస్తే మరిచిపోతానని సందులు మార్చి మార్చి వచ్చేవారట. "టేపు రికార్డరంటే నా నోరేనమ్మా!"

తరవాత మన పాటల్లోకీ గిటార్లు, డ్రమ్ములు, హోయ్ హోయ్ కేకలు వచ్చేశాయి. ఈయన ఒక ఆర్కెస్ట్రాలో చేరారు. పాడేవాడు పాడతాడు, రెండో చరణానికి ముందు ఈల ముక్క వస్తుంది, ఈయన మైకు ముందుకొచ్చి పన్నెండు సెకన్లు వేసి వెనక్కి వెళ్ళిపోతారు. "ఆ ముక్క అచ్చంగా ఏ ఇంగ్లీషు సినిమాలోదో నాకు తెలుసు కదా, లోలోపల నవ్వుకునేవాణ్ణి. చప్పట్లు మాత్రం పాడినవాడికంటే నాకే ఎక్కువ!"

పెళ్ళయ్యాక ఆర్కెస్ట్రా ఆగింది. ఈల ఆగలేదు.

"మా ఆవిడ వేదవతికి అస్సలు గిట్టదు. నలభై ఆరేళ్ళుగా ఒకటే సణుగుడు. ఇంట్లో ఈలలేమిటి, పాములొస్తాయి అంటుంది. చిక్కడపల్లిలో మనుషులకే చోటు లేదు, పాములెక్కణ్ణుంచి వస్తాయే అంటాను."

పకపకా నవ్వాను. ఆ నవ్వులోనే నోరు జారాను. "మీ ఈల పూచీ నాదండీ, నిశ్చింతగా పీకించుకోండి" అనేశాను.

నా మాట నమ్మి పీకించుకున్నారు. చిగుళ్ళు మానడానికి మూడు నెలలు పట్టింది. కొలతలు తీసి పీరయ్యకు పంపాను. పీరయ్యది నారాయణగూడలో పళ్ళ సెట్లు చేసే గది, ముప్పై ఏళ్ళ చెయ్యి. చీటీలో పళ్ళ రంగు రాశాను, సైజు రాశాను. సందు సంగతి రాయడం మరిచిపోయాను. ఆయన ఈల ఫోన్లో రికార్డు చేసుకోవాలని కూడా తోచలేదు నా మొద్దు బుర్రకు.

సెట్టు ముత్యాల వరసలా వచ్చింది. పెట్టి అద్దం చూపిస్తే ఉమాకాంత్ గారు అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోయారు. ఆ తరవాత పెదాలు చుట్టారు. ఫ్‌స్... ఉత్త గాలి.

"కొత్త కదండీ, అలవాటు కావాలి," అన్నాను. నా గొంతు నాకే బోలుగా వినపడింది.

రెండు వారాలకు వేదవతి గారు ఒంటరిగా వచ్చారు.

"ఏ పన్ను పిన్నిగారూ?"

"నా పళ్ళు రాళ్ళు నములుతాయి. ఆయన గురించి వచ్చాను. పొద్దున్నే స్నానాల గదిలో ఫ్‌స్ ఫ్‌స్‌మని ఒకటే తిప్పలు. నాకు వినపడకూడదని పంపు పూర్తిగా విప్పేస్తారు. మనిషి మునుపటిలా లేరు."

"మీకు ఈలంటే గిట్టదట కదా? హాయిగా ఉండాలే!" అని ఊరికే అన్నాను.

ఆవిడ కళ్ళెర్రజేశారు. "హాయా? ఆయన ఈల వేస్తే నేను తిడతాను, నేను తిడితే ఆయన ఏదో అంటారు, నవ్వుతాం. అదే మా సంసారం! ఇప్పుడు పొద్దున లేస్తే ఇద్దరం గోడ గడియారం వింటున్నాం. ఎలా బాగుచేస్తావో చెయ్యి తల్లీ. నేనొచ్చినట్టు మాత్రం ఆయనకు చెప్పకు."

సిగ్గుతో చచ్చిపోయాను. నా మీద నాకొచ్చిన కోపమంతా ఫోన్లో పీరయ్య మీద కక్కాను.

"సందు పెట్టి పంపితే పీరయ్యకు కండ్లు కనవడ్తలేవా అంటరు గద మేడం!" అన్నాడు పీరయ్య, అంతే రోషంగా. "చీటీల రాస్తే పెడుతుంటి. రాయకపోతే నాకెట్ల ఎరుక? తెండి, జర కోసిస్త."

కోశాడు. ఉమాకాంత్ గారి పాత సందు ఎంతో అంతా. అయినా ఫ్‌స్సే. ఆయన నన్ను ఒక్క మాటంటే బాగుండేది. "పోన్లేమ్మా, అన్నం తింటున్నాగా," అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

సందు కాకపోతే మరేమిటి? అసలు ఈల ఎక్కడ పుడుతుంది? పళ్ళ డాక్టరునై ఉండి నాకే తెలియదు! అద్దం ముందు నిలబడి నేనే వేసి చూసుకున్నాను. ఈలలు వేసేవాళ్ళ వీడియోలు చూశాను. "డాక్టరమ్మకు ఈ వయసులో ఇదేం సరదా?" అని మా ఆయన వెక్కిరించారు. నాలుగో రోజుకు దొరికింది. స్వరం మారినప్పుడల్లా నాలుక అంగిలి వైపు లేస్తుంది, దిగుతుంది. రెంటికీ మధ్య గాలి పోయే సన్నటి దారి ఉండాలి. నేను చేయించిన సెట్టు అంగిలిని మందంగా కప్పేసింది. యాభై ఏళ్ళుగా ఆ నాలుకకు తెలిసిన దారి నేనే పూడ్చేశాను.

కబురు పెడితే ఇద్దరూ వచ్చారు. కూరలకని వచ్చి ఊరికే ఆగానని ముందే చెప్పేసి, వేదవతి గారు సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

సెట్టుకు నాలుక తగిలే వైపు తెల్లటి పౌడరు పలుచగా చల్లి, ఆయన నోట్లో పెట్టి ఈల వేయమన్నాను. తీసి చూస్తే నాలుక తగిలినచోటల్లా పౌడరు తుడుచుకుపోయింది. గాలి పోవాల్సిన నడిమి దారిలో కూడా! అక్కడ మరతో కాస్త అరగదీశాను. మళ్ళీ పౌడరు, మళ్ళీ ఫ్‌స్, మళ్ళీ మర. అయిదోసారి కీచుమని చిన్న శబ్దం వచ్చింది. ఆరోసారి నాలుగు మెట్లూ పైకి వెళ్ళాయి.

"వచ్చేసింది!" అని అరిచాను.

"అది కాదు," అన్నారు వేదవతి గారు గోడకేసి చూస్తూనే. "మూడోది దిగిపోయింది. ఇంకాస్త పైకి ఉండాలి."

ఉమాకాంత్ గారు కుర్చీలోనే లేచి కూర్చున్నారు. నేను ఇంకొంచెం అరగదీసి ఇచ్చాను.

"మూడోది సరిపోయింది. తరవాత విరుపేది? అక్కడ ఆగి కదా మీరు కిందికి దిగేది?"

"నీకెలా తెలుసే?" అన్నారాయన.

"బాగుంది! ఇన్నాళ్ళూ చెవుల్లో దూది పెట్టుకున్నాననుకున్నారా?" అని, ఇటు తిరిగి, సన్నటి గొంతుతో మొత్తం తీశారు ఆవిడ. నాలుగు మెట్లు, విరుపు, దిగుడు, దాని వెనక నేను ఎన్నడూ వినని ఇంకో వరస కూడా. ఒక్క స్వరం పొల్లుపోలేదు.

వెంట్రుకవాసి అరగదీసి పెట్టాను. ఆయన ఆవిడనే చూస్తూ అందుకున్నారు. మెట్లు ఎక్కారు. విరుపు పలికింది. దిగారు.

"ఆఁ, ఇదీ," అన్నారు వేదవతి గారు.

రెండో వరస మధ్యలో ఈల తెగిపోయింది. గబుక్కున మర అందుకుని, "ఎక్కడ తగులుతోంది బాబాయిగారూ?" అని వంగాను.

ఎక్కడా తగలడం లేదన్నట్టు చెయ్యి ఊపారాయన. పెదాలు సున్నా చుడదామంటే నవ్వుకు విచ్చుకుపోతున్నాయి, కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

"వేయండి మరి, మధ్యలో ఆపుతారేం!" అని కసిరారు వేదవతి గారు.