తెల్ల అంకె

ఆ రాయి మీద కొలత తప్పు రాసింది నేనే. తప్పు రాయడం ఒక ఎత్తు, దాన్ని దిద్దేసి నోరు మూసుకోవడం మరొక ఎత్తు. టెక్కలి దగ్గర గ్రానైట్ యార్డులో సూపర్‌వైజరుగా ఉన్నప్పటి ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ముసలివాణ్ణయిపోదును గాని, మొన్న చలికాలంలో, ఇప్పుడు నేను పనిచేస్తున్న పలాస జీడిపప్పు గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడిపే మనిషి అడ్డం పడ్డాడు. బస్తాలు పేర్చిన ప్యాలెట్ మీది బరువు చీటీ చూపించి ఎత్తమన్నాను. అతను తాళం తిప్పలేదు. "రాసింది కాదు సారూ, తూసింది సెప్పండి. కాయితం మీద బస్తా ఎప్పుడూ తేలికే" అన్నాడు. హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను.

మా అక్క భర్త ఆ గ్రానైట్ యార్డులో క్రేన్ ఆపరేటరు. గొలుసు చక్రాల మీద నేలను నలుపుకుంటూ పాకే పాత క్రేన్ అది. దాన్ని ఎక్కేముందు బావ చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టేవాడు. కూలీలు వాటిని దాచేసేవారు. దిగాక, ఎండకు కాలిన రాతిముక్కల మీద గెంతుతూ, "ఎవుడ్రా నా సెప్పులు తీసినోడు? నీ పెళ్ళిపందిరి ఈ క్రేన్‌తోటే పీకీకపోతే సూడు" అని యార్డంతా తిరిగేవాడు. సీట్లో కూర్చున్నాక ఆ మనిషే వేరు. రాయిని జానెడు లేపి, ఒక్క క్షణం ఆగి, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మీద వేసినట్టు లారీ మీద దించేవాడు. ఉద్దానంలో సొంత కొబ్బరితోట పెట్టుకుని రాళ్ళెత్తడమేమిటని ఊళ్ళో నవ్వినా, ఆ ఇనుప సీటు వదిలేవాడు కాదు.

రాళ్ళ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. క్వారీ నుంచి వచ్చిన రాయికి అంచులు వంకరగా ఉంటాయి గనక, కొనేవాడికి ప్రతి పక్కా కొంత తగ్గించి కొలత కడతాం. ఆ తగ్గించిన కొలత ఎర్రరంగుతో రాస్తాం. రాయి అసలు కొలత మరో పక్క తెల్లరంగుతో రాస్తాం. ఎర్రది బేరానికి, తెల్లది క్రేన్‌కి. క్రేన్‌లో బరువు చూపే ముల్లు ఎప్పుడో పాడైపోయింది. బావ తెల్ల అంకె చూసి బరువు కట్టుకుని, బూమ్‌ను, అంటే క్రేన్ చేతిని, ఎంత దూరం చాపవచ్చో మనసులోనే తేల్చుకునేవాడు.

ఆ రోజు కొనేవాడు తొందరపెడుతున్నాడు. ఎర్రరంగు డబ్బా ఎండిపోయింది. చేతిలో ఉన్న తెల్లరంగుతోనే తగ్గించిన కొలత రాసేసి, అసలు కొలత తరవాత రాసి దిద్దుదాంలే అనుకుని టీకి వెళ్ళాను. బావ ఆ అంకె చదివి బరువు మూడు టన్నులు తక్కువ కట్టుకున్నాడు. జానెడు లేపినప్పుడు ఏమీ కాలేదు. దూరంగా ఉన్న లారీ వైపు బూమ్ చాపేసరికి క్రేన్ వెనక భాగం నేల విడిచింది. నేను టీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి రాయి నేల మీద ఉంది, దాని పక్కన విరిగిన బూమ్, కేబిన్‌లోంచి పాక్కుంటూ బావ. మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. అందరూ అతని చుట్టూ చేరారు. నేను రాయి దగ్గరికి వెళ్ళాను. కిరసనాయిలు గుడ్డతో అంకె తుడిచి, అసలు కొలత రాశాను. చెయ్యి వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

యజమాని వచ్చి రాయి వంక, బావ వంక చూశాడు. "ఇంతింత అంకెలు! కళ్ళు ఇంటికాడ ఎట్టీసి వొచ్చినావేటి?" అన్నాడు.

బావ ఆ అంకె ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నువ్వు రాసింది ఇదేనేటి?"

"ఇదే బావా" అన్నాను.

కోటబొమ్మాళి దాకా ఏ యార్డూ అతన్ని మళ్ళీ సీటెక్కించలేదు. అది నేను ఊహించిందే. బావ తన కళ్ళను నమ్మడం మానేస్తాడని మాత్రం ఊహించలేదు. పలాసలో డాక్టరు పరీక్ష చేసి కళ్ళు బాగున్నాయన్నాడు. "ఆయనకేటి తెలుసు? రాయి కాడ నాను సూసినాను కదా నా కళ్ళ సంగతి" అన్నాడు బావ. మోటారుసైకిలు అమ్మేశాడు. మందసలో బస్సు కోసం నిలబడితే, బోర్డు ఎదురుగా ఉన్నా, "ఓపాలి సూసి సెప్పు బామ్మర్దీ, అది పలాస బస్సేనేటి?" అనేవాడు. నేను చదివి చెప్పేవాణ్ణి. బియ్యం ఏరబోతే మా అక్క చేతిలోంచి చేట లాక్కునేది. "కొండంత రాయి మీద అంకె అగుపడనోడికి బియ్యంలో రాయి అగుపడుద్దేటి?" అనేది. అందరం నవ్వేవాళ్ళం. బావ అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. మూలపేటలో పోర్టు పనికి పెద్ద పెద్ద క్రేన్లు దిగితే ఊళ్ళో వాళ్ళు చూడ్డానికి వెళ్ళారు. బావ వెళ్ళలేదు. "నాకేటి కనబడుద్దని?" అన్నాడు.

గోదాములో ఆ మాట విన్న వారమే ఉద్దానం వెళ్ళాను. బావ పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. కూర్చుని మొత్తం చెప్పాను, కిరసనాయిలు గుడ్డతో సహా. చేతిలో కాయ అలాగే పట్టుకుని విన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"రెండొందల తొంబై, నూట డెబ్బై, నూట నలభై" అన్నాడు చివరికి. "నాను సూసింది ఇదే. నువ్వు ముందు రాసింది ఇదేనా?"

అవే. పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో, ఒక్క అంకె తేడా లేదు. ఎవరికీ చెప్పకుండా అన్నేళ్ళు వాటిని లోపలే ఉంచుకున్నాడు.

"అవే బావా."

కాయ కింద పెట్టాడు. "నాకు సెప్పినావు సరే. లోనికెల్లి మీ అక్కకి సెప్పు. నాను ఇనేలా సెప్పు."

అక్క వంటింట్లో చేపలు తోముతోంది. గుమ్మంలో నిలబడి, పెరట్లోకి వినబడేలా గొంతెత్తాను. "అక్కా, ఆ రోజు బావ సరిగ్గానే సూసినాడు. అంకె మార్సీసింది నాను. తప్పయిపోనాది. మీరిద్దరూ నన్ను సమించాల."

అక్క చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి గుక్కెడు నీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు; రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నేను గడిపేసిన కాలమంతా బావ వయసులోంచి పోయింది.