దేవదానం ముందు రెండు ఫారాలు

డ్రైవర్ దేవదానం బోర్డు చూడకుండానే చదరంగం ఆడతాడంటే మా డిపోలో ఎవరూ ఆశ్చర్యపోరు. చూసే వీలు ఆయనకు ఎక్కడిది? వర్ధన్నపేట రూటులో పందొమ్మిదేళ్లు ఆయన డ్రైవరు, నేను కండక్టరు. బోర్డు నా సీటు మీద ఉండేది. స్టాపుకు ఒక ఎత్తు. నా ఎత్తు నేను వెనక నుంచి అరిచేవాణ్ని, ఆయన తన ఎత్తు ముందు నుంచి చెప్పేవాడు. ఆయన పావును కూడా నేనే జరిపి "రైట్ రైట్" అనేవాణ్ని. రాజుకు చెక్ చెప్పాలంటే మాత్రం బస్సు ఆపే కేక "ఓల్డాన్". కదిలిపోయాక గుర్తొచ్చి నేను ఆ కేక వేస్తే, బస్సు రెండు మూడుసార్లు స్టాపు లేనిచోట ఆగింది.

అన్నేళ్లలో నేను గెలిచినవి పదకొండు ఆటలు. వాటిలో మూడింటప్పుడు ఆయనకు జ్వరం.

ఇద్దరం రిటైరయ్యాక ఆట కాజీపేటలో ఆయన ఇంటికి మారింది. పోయిన నెల నేనొక ఫారం పట్టుకెళ్లాను. డిసెంబరులో హైదరాబాద్‌లో పెద్ద ఓపెన్ టోర్నమెంటు, వెయ్యి మంది దాకా వస్తారట. ఇద్దరం పేర్లిస్తే ఏదో ఒక రౌండులో ఎదురుపడకపోతామా అని నా ఆశ. గడియారం పెట్టి, నలుగురి ముందు, ఒక్కసారి ఆయన్ని ఓడించాలి. ఈ వయసులో నాకు మిగిలిన కోరిక అదొక్కటే. పైకి చెబితే బాగుండదని ఆయనకూ చెప్పలేదు.

ఆయన భార్య రత్నమ్మ వదిన అప్పటికే ఇంకో ఫారం తెప్పించి పెట్టింది. అవే తేదీల్లో నాగపూర్‌లో చూపు సరిగా లేనివాళ్ల జాతీయ పోటీ. నాలుగేళ్లుగా దేవదానం కంటి నరం ఎండిపోతోంది. దవాఖానలో ఇచ్చిన సర్టిఫికెట్‌ను బీరువాలో దుప్పట్ల కింద పెట్టి, ఆ సంగతి అంతటితో తీరిపోయిందనుకున్నాడు.

"గుడ్డోళ్ల ఆటకు నేనెందుకు పోత? ముప్పై ఏండ్లు బస్సు నడిపిన కండ్లివి," అన్నాడు.

"నడిపినయ్ తియ్. ఇప్పుడు నీ చాయ గిలాస ఏడున్నదో చూపియ్," అంది వదిన.

చూపించాడు. అది నా గ్లాసు.

నేను మాత్రం హైదరాబాద్ వైపే గట్టిగా మాట్లాడాను. రైలు దగ్గర, భోజనం మంచిది, నాగపూర్‌లో చలి. నాగపూర్ నేనెప్పుడూ చూడలేదు. వదిన అంతా విని బోర్డు తెచ్చి మా మధ్య పెట్టింది.

"అన్నా, హైదరాబాద్ల ఎట్ల ఆడుతరో ఇక్కడ అట్లనే ఆడుండ్రి. నోరు తెరువద్దు. ముట్టిన పావునే జరపాలె."

మాట లేకుండా మేము ఆడటం అదే మొదటిసారి. గోడ గడియారం అంత చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై ఎత్తులు దాటాక, ఆయన గుర్రం ఒక్క గెంతు వేస్తే నా మంత్రి పోయే స్థితి వచ్చింది. ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. చేయి చాపి, గుర్రం పక్కనున్న ఏనుగును పట్టుకుని, గుర్రంలా గెంతించి, నా మంత్రి ఉన్న గడిలో పెట్టబోయాడు.

ఇది నాకు కొత్త కాదు. రెండేళ్లుగా ఆయన నోటితో ఒక పావు చెప్పి చేత్తో ఇంకొకటి జరిపితే, చెప్పినదాన్నే నేను చప్పుడు కాకుండా సర్దుతున్నాను. ఇప్పుడూ సర్దవచ్చు. సర్దితే ఇద్దరం హైదరాబాద్ పోతాం, నా కోరిక తీరుతుంది. కానీ అక్కడ వెయ్యి మందిలో ఆయనకు సర్దిపెట్టేవాడు ఒక్కడూ ఉండడు.

"ఓల్డాన్," అన్నాను.

ఆయన చేయి గాల్లోనే ఆగింది.

"ఏం పట్టుకున్న?"

"ఏనుగు."

దాన్ని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. "ఎన్ని దినాలసంది సదురుతానవ్?"

"రెండేండ్లు."

"మరి నేను గెలిచిన ఆటలు?"

"నువ్వే గెలిచినవ్. చెయ్యి నాది గనీ ఎత్తు నీది. బస్సుల గట్లనే ఆడినం గద."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చాయలో చక్కెర తక్కువైందన్నాను. వదిన చక్కెర డబ్బా తెచ్చి పెట్టింది.

ఆయన ఏనుగును కింద పెట్టి, "ఆ నాగపూర్ కాయిదం జర సదువు," అన్నాడు.

చదివాను. బోర్డుకు గుంటలుంటాయి. పావులను ఎంతసేపైనా తడిమి చూసుకోవచ్చు, గుంటలోంచి పీకితేనే ముట్టినట్టు లెక్క. ఎత్తును నోటితో చెప్పాలి.

"నోటితోని చెప్పాల్నా? మన బస్సు రూలే గద." మళ్లీ అడిగాడు: "నిన్ను ఆడనిస్తరా?"

"ఆడనియ్యరు. చూపున్నోళ్లు ఒక్కలు ఎంట ఉండొచ్చట, సాయానికి."

ఆయన తల వంచుకున్నాడు. నా కోరిక సంగతి ఆయనకు ముందునుంచీ తెలుసని అప్పుడర్థమైంది. బీరువాలోంచి సర్టిఫికెట్ తెమ్మని వదినకు ఆయనే చెప్పాడు.

నేను ఫారం నింపాను. సహాయకుడి పేరు దగ్గర నా పేరు రాసి, ఆటగాడితో సంబంధం అన్నచోట కలం ఆపి, ఏం రాయాలని అడిగాను.

"కండక్టర్ అని రాయి."

రాశాను. ఇక "రైట్ రైట్" అనాల్సింది నేనే. నేనింకా కలం మూత వెతుకుతున్నాను. ఆయనే అన్నాడు.