సారు తాగిన నీళ్లు

మా వాడ ఆడవాళ్లు ఎండాకాలంలో వాగు ఇసుకను చేతులతో తోడి చెలిమె చేసేవారు. అందులో ఊరిన నీటిని ముంతతో ముంచి బిందెలు నింపుకొనేవారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాత, వాగుకు ఎగువన వరంగల్ వైపు, జంపఖానాల నూలుకు రంగు వేసే కార్ఖానా ఒకటి లేచింది. ఇక చెలిమెలో ఒకనాడు ఎర్రటి నీళ్లు, ఒకనాడు పచ్చటి నీళ్లు. వడగట్టిన బట్టకు ఆ రంగే అంటుకునేది. పిల్లలు కడుపులు పట్టుకొని ఏడ్చేవారు. అయినా అవే తాగాం.

నేను బడికి పోయినవాణ్ని కాదు. చాయ్ హోటల్లో పేపరు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతోనే అర్జీలు రాశాను. కార్ఖానా మురుగును వాగులోకి వదలకుండా ఆపాలి, వాగును బతికించాలి అని. హనుమకొండ ఆఫీసుల్లో ఎన్ని బల్లల ముందు నిలబడ్డానో! కూర్చోమన్న నాథుడు లేడు. చివరికి ఒక ఎండాకాలం నిజంగానే జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు.

కార్ఖానా వాళ్లకు ఎవరు చెప్పారో, ముందుగానే రంగునీళ్లు ఆపేశారు. వాగులో తడి ఇసుక తప్ప చూడటానికి ఏమీ లేదు. ఎండకు తాళలేక ఆఫీసరు చెలిమె దాకా రాకుండానే మా పందిరి కింద కూర్చున్నాడు. మా వదిన ఇత్తడి చెంబు తళతళా తోమి నీళ్లు తెచ్చింది. ఆయన గటగటా తాగి, ఇంకో చెంబు అడిగి తాగాడు.

"మీరు తాగేది ఇవేనా అమ్మా?"

"ఔ సారూ. ఇవే తాగుతం."

అవి రైలుకట్ట అవతల ఒక ఆసామి బావి నీళ్లు. సారు వస్తున్నాడని పొద్దున్నే అంత దూరం పోయి, బతిమాలి తెచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు వదినను అబద్ధాలకోరును చేయడానికి నోరు రాలేదు.

ఆఫీసరు మూతి తుడుచుకొని నావైపు చూసి నవ్వాడు. "కొబ్బరినీళ్ల లెక్క ఉన్నయి కదయ్యా. నీకు వేరే పనేం లేదా, అర్జీల మీద అర్జీలు పెడ్తున్నవ్?"

వాడ జనమంతా విన్నారు. తల దించుకొని, ఒక్కసారి చెలిమె దాకా రమ్మని గొణిగాను. ఆయన అప్పటికే జీపెక్కాడు.

జీపు కదలగానే వదిన మీద విరుచుకుపడ్డాను. ఆమె బెదరలేదు.

"ఇంటికొచ్చిన మనిషికి ఆ నీళ్లెట్ల ఇస్తరు మరిదీ? సిగ్గుండొద్దా?"

"మరి మనమెట్ల తాగుతున్నం వదినె?"

ఆమె చెంబు తీసుకొని లోపలికి పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పిల్లలకు తాగించేటప్పుడు మాలో ఒక్కరికీ రాని సిగ్గు అది.

ఈసారి సారే తన సీసా తెచ్చుకొని చెలిమెలో ముంచుకోవాలని ఇంకో అర్జీ రాశాను. వేలిముద్రల కోసం ఇల్లిల్లూ తిరిగితే అందరిదీ ఒకటే షరతు. ఆ నీళ్లు మేం తాగుతున్నామని మాత్రం రాయొద్దు, చుట్టాల్లో పరువు పోతుంది అన్నారు. మా వదినే తేల్చి చెప్పింది: "బర్రెలు తాగుతున్నయని రాయి."

ఎంత కొట్లాడినా ఎవరూ వేలు ముందుకు చాపలేదు. అలాగే రాశాను.

తొలకరికి ఒకాయన సైకిల్ మీద మా అర్జీ పట్టుకొని వచ్చాడు. పశువుల దవాఖాన నుంచి పంపారట. వాగు వైపు కన్నెత్తి చూడలేదు. వాడలోని బర్రెలన్నిటికీ వరసగా సూదులేసి పోయాడు. అవి కదలకుండా కొమ్ములు పట్టుకున్నవాణ్ని నేనే.