పొడుగాయన అనని మాటలు

మా బావకు భయపడటం అసలు వృత్తి. లిఫ్టులు బాగుచేయడం పొట్టకూటి కోసం. బావ అంటే మా అక్క భర్త. కుక్కకు భయం, ఉరుముకు భయం. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే దాన్ని దిండు కింద పెట్టి మోత ఆగేదాకా పక్కనే నిలబడతాడు. అన్నిటికన్నా వింత, ఇన్ని లిఫ్టులు బాగుచేశాడు గానీ ఒక్కదాంట్లోనూ ఎక్కడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పై అంతస్తు దాకా మెట్ల మీదుగానే వెళతాడు.

"లోకమంతా నమ్మి ఎక్కుతోంది కదా బావా" అని ఒకసారి అడిగాను.

"లోకానికి లోపలేముందో తెలీదురా. అదీ దాని ధైర్యం" అన్నాడు.

ఇలాంటి మనిషి మైకు ముందు మాత్రం వేరే అవతారం ఎత్తేవాడు. లిఫ్టుల కంపెనీలో చాలాకాలం ఒక విదేశీ ఇంజనీరు చేతికింద పనిచేయడంతో ఆయన భాష బావకు పట్టుబడింది. ఆ భాష మాట్లాడే బోధకులు మా చర్చికి వస్తే పక్కన నిలబడి వాళ్ల ప్రసంగాన్ని తెలుగులో చెప్పేది బావే. సంఘంలో ఆ భాష తెలిసినవాడు ఇంకొకడు లేడు. పాస్టరుగారికి సైతం పలకరింపులకు మించి రాదు. బోధకుడు చెయ్యెత్తితే బావ చెయ్యెత్తేవాడు, ఆయన గొంతు తగ్గిస్తే బావ గుసగుసలాడేవాడు. వేదిక దిగగానే మళ్లీ మామూలే. చెప్పుల మీద పిల్లి కూర్చుని ఉంటే అది లేచేదాకా ఉత్తకాళ్లతో నిలబడేవాడు.

"అందరి మొగుళ్లూ ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మా ఆయన రెండుచోట్లా పిల్లే. మైకు దొరికితేనే పులి" అనేది అక్క.

ఆ పులికి ముచ్చెమటలు పోయించిన చర్చి కూటాల గురించే నేను చెప్పబోయేది. అవి మూడు సాయంత్రాలు జరిగాయి. వచ్చిన బోధకుడు ఎంత పొడుగంటే మైకు స్టాండును ఎంత లాగినా ఆయన ఛాతీ దగ్గరే ఆగిపోయింది. అందరూ పొడుగాయన అనేశారు. విషయం: యేసు శిష్యులైన అపొస్తలుల ప్రసంగాలు బైబిల్లోకి ఎలా వచ్చాయి. ఆ మొదటి సాయంత్రం అసలేం జరిగిందో మాకు తర్వాతే తెలిసింది గానీ, మీకు వరసలోనే చెబుతాను.

పొడుగాయన మొదలుపెట్టాడు. పేతురు చేసిన మొదటి ప్రసంగాన్ని పైకి చదివి చూడండి, కప్పులో కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ ఆయన ఇంకా చాలా మాటలు చెప్పాడని అక్కడే రాసి ఉంది. ఆ చాలా మాటలు ఏమయ్యాయి? జనంలో ఎవరూ కలం పట్టుకుని కూర్చోలేదు. వాటిని పుస్తకంగా రాసిన లూకా, ఆ కాలపు నమ్మకస్తులైన చరిత్రకారులు చేసిన పనే చేశాడు. విన్నవాళ్లను అడిగాడు, సారం పట్టుకున్నాడు, తన వాక్యాల్లో పెట్టాడు. అది కల్పన కాదు. అలాగని అక్షరం అక్షరం వాళ్లన్నదీ కాదు.

ఇంతవరకూ చెప్పి, తెలుగు కోసం బావవైపు చూశాడు.

బావ నోరు తెరిచాడు. ఎదురుగా మొదటి వరసలో కర్ర తాత ఉన్నాడు. ఆయన మా సంఘపెద్దల్లో పెద్ద. ఒకసారి ఒక కుర్ర బోధకుడు యోనా ప్రవక్తను మింగింది తిమింగిలమని ఆయన గ్రంథంలో లేదు, పెద్ద చేప అనే ఉందని నోరుజారాడు. తాత కర్రతో నేలమీద ఒక్కటి కొట్టాడు, మైకు ఆగిపోయింది. ఆ కుర్రాడు మళ్లీ మా గడప తొక్కలేదు. ఇప్పుడు ఆ కర్ర కదిలింది. తాతకు కాలు తిమ్మిరెక్కి కర్ర అటుది ఇటు మార్చుకున్నాడంతే. బావకు ఆ సంగతి తెలియదు.

ఆ మాట పొడుగాయన భాషలో ఉన్నంతసేపూ ఎవరిదీ కాదు. తెలుగులోకి వచ్చిందా, తన నోటిది. రాళ్లు పడితే తనమీదే పడతాయి.

"అక్షరం పొల్లుపోలేదు" అన్నాడు బావ గొంతెత్తి. "అపొస్తలుడు దగ్గితే దగ్గు కూడా రాశారు. ఒకరన్న మాటను వెంట్రుకవాసి మార్చి చెప్పినా వాడు అబద్ధసాక్షి."

హాలంతా ఆమెన్ అంది. తన మాటకు అంత స్పందన రావడంతో పొడుగాయన పొంగిపోయాడు. ఎంత విశాలహృదయం ఈ జనానిది అనుకుని ఇంకా ఇంకా తలుపులు తెరిచాడు. ఆయన తెరిచిన తలుపునల్లా బావ మూసి గడియపెట్టాడు. ముగిసేసరికి పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటున్నారు.

ఇంటికి వస్తూ మెట్ల మలుపులో బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. మొత్తం చెప్పేశాడు.

"అంటే మేం విన్న ప్రసంగం ఆయనది కాదా?"

"ఒక్క ముక్క కూడా కాదురా."

"బ్రహ్మాండంగా ఉంది బావా మరి."

"నవ్వకురా, కాళ్లాడటం లేదు. రేపు ప్రశ్నలూ జవాబులూ అట. వీళ్లు నేను చెప్పినదాని మీద అడుగుతారు. ఆయన తాను చెప్పినదాని మీద జవాబిస్తాడు. మధ్యలో నేను."

నవ్వు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని కొట్టుకు వెళ్లాను. పిన్ని కర్టెన్లు కుడుతుంది. పెద్దకొడుకు కొలతలు తీసుకుని గుడ్డ కోస్తాడు, చిన్నకొడుకు ఇళ్లకు వెళ్లి బిగించి వస్తాడు. ఆ అన్నదమ్ములు ఒకప్పుడు మాటామాటా పెరిగి కొట్టుకు నడుమ చెక్కగోడ పెట్టబోయారు. అప్పుడే బాబాయి ఆసుపత్రిలో పోయాడు. పోతూ ఆయనన్న మాటలు పిన్ని వచ్చి చెప్పింది. తెచ్చిన చెక్కలు అలాగే వెనక్కి వెళ్లాయి. ఆనాటి నుంచి ఆ మాటలే ఆ ఇంటికి చట్టం.

ఆ పొద్దున మిషను ఆగి ఉంది. సూది కింద గుడ్డ సగం కుట్టుతో వేలాడుతోంది. కొడుకులిద్దరూ బయటికెళ్లారు.

"నేను అబద్ధసాక్షినిరా" అంది పిన్ని, మొహం ఎత్తకుండా.

బాబాయి చివరిగా అన్నవి నాలుగు ముక్కలేనట. మిగతాదంతా పిన్ని సొంతం. ఇన్నేళ్లూ అది తప్పని తోచలేదు. నిన్న కూటంలో ఆ మాట విన్నప్పటి నుంచి మెతుకు దిగడం లేదు.

"సాయంత్రం అందరి ముందూ లేచి ఒప్పుకుంటా. దేవుడి దగ్గర దాచలేను."

"వాళ్లు మళ్లీ గోడ పెట్టుకుంటే, పిన్నీ?"

"పెట్టుకుంటే నా పాపం" అంది. పళ్లెంలో కర్టెన్ రింగులు ఏరుతున్నట్టు కదిలిస్తోందే గానీ ఒక్కటీ తీయడం లేదు.

నేను పరుగున వెళ్లి బావను పట్టుకున్నాను. ఒక ఆఫీసు భవనం పైన, గ్రీజు కంపు కొట్టే మోటారు గదిలో ఉన్నాడు. విని, తుడుస్తున్న గుడ్డను కిందపడేశాడు. ఇద్దరం కలిసి పిన్ని కొట్టుకు వచ్చాం. గుమ్మం దగ్గర బావ మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఆయన... అంత గట్టిగా అనలేదేమో."

"నామీద జాలితో అబద్ధమాడకు అల్లుడూ. అయ్యగారు చెబుతుంటే ఈ చెవులతో విన్నాను."

"విన్నారు. కానీ నేను... అంటే ఆయన భాష కొంచెం..."

"నీ నోట అబద్ధం రాదని నాకు తెలుసు నాయనా. వెళ్లు."

ఆ మాట నాదే అని బావ అంటే చాలు. అనలేదు. బయటికి వచ్చి విద్యుత్ స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. "నా నోరు పడిపోతే బాగుండురా" అన్నాడు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. పిన్ని మధ్య వరసలో కొడుకులిద్దరి నడుమ కూర్చుంది. నేను వెనకగోడకు చేరబడ్డాను. స్పీకరు పెట్టె గుయ్‌మంటుంటే ఎవరో దాని వైరు సర్దారు.

మొదట లేచింది కర్ర తాత. "పౌలు దారిలో వెలుగు చూసిన సంగతి ఒకే పుస్తకంలో మూడుసార్లు ఉంది. పక్కవాళ్లు స్వరం విన్నారని ఒకచోట. వినలేదని ఒకచోట. అక్షరం మారలేదన్నారే, మరి ఇదెట్లా?"

పొద్దుటి నుంచీ ఆ పుస్తకమే ముందేసుకుని కూర్చున్నాడట ఆయన. గొంతులో కోపం లేదు. ఇంకేదో ఉంది.

బావ పొడుగాయన చెవిలో ఏదో అన్నాడు. పొడుగాయన చిరునవ్వుతో గుండె మీద చెయ్యి పెట్టుకుని రెండు మాటలన్నాడు.

"అది దేవుని మర్మం, ప్రార్థనలో కనిపెట్టాలి అంటున్నారు" అన్నాడు బావ.

"మర్మానికి అంత నవ్వెందుకూ" అంటూ తాత కూర్చున్నాడు.

పిన్ని లేచింది. పెద్దకొడుకు చీర కొంగు పట్టి లాగాడు, ఏమిటమ్మా అని. ఆమె విడిపించుకుంది.

"అయ్యా, మా ఆయన పోయేటప్పుడు పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన అనని మాటలు అన్నాడని నా పిల్లలకి చెప్పాను. మీరు నిన్న చెప్పినట్టు నేను అబద్ధసాక్షిని. నాకు క్షమాపణ ఉంటుందా?"

పొడుగాయన బావవైపు వంగాడు. బావ కదలలేదు. పొడుగాయన భుజం తట్టాడు. ఇప్పుడు కూడా ఆమె ఇంకేదో అడిగిందని ఆయనకు చెప్పి దాటెయ్యగలడు. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి చాలాసేపు ఏదో చెబుతున్నాడు. పొడుగాయన మొహంలో నవ్వు మెల్లగా మాయమైంది. చిన్నగా ఏదో అడిగాడు.

బావ మైకు వైపు తిరిగాడు. "అయ్యగారు అంటున్నారు... నిన్న నేను చెప్పింది దీనికి వ్యతిరేకం కదా, అని." మైకు స్టాండును పట్టుకున్నాడు. "నిజమే. నిన్న మీరు విన్నది ఆయన మాట కాదు. నా మాట. నాకు భయమేసింది."

కర్ర తాత రెండు చేతులూ కర్ర మీద పెట్టి, చూపు తిప్పకుండా బావనే చూస్తున్నాడు.

పొడుగాయన మాత్రం పిన్నినే చూస్తూ ఒక్కో మాటా అడిగాడు. బావ ఒక్కో మాటా మార్చి చెప్పాడు, చెయ్యెత్తకుండా, చిన్న గొంతుతో.

"ఆయన ఏమన్నాడమ్మా?"

"'పెద్దోడు, చిన్నోడు, కలిసి' అన్నాడు. తర్వాత ఫ్యాను పెట్టమన్నాడు. అంతే."

"మీరేమన్నాడని చెప్పారు?"

"కలిసి ఉండండి, కొట్లో గోడ పెట్టొద్దు, చిన్నోడికి కోపమెక్కువ, పెద్దోడే ఓర్చుకోవాలి. ఇదంతా అన్నాడని చెప్పాను."

"ఆయన ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఇది వింటే, నేనన్నది ఇదేనని తల ఊపుతాడా?"

పిన్ని పెద్దకొడుకు వైపూ చిన్నకొడుకు వైపూ చూసింది.

"గోడ మాటకి ఊపుతాడు" అంది. "కోపం మాట నేను కలిపింది."

"అది నాకు ఆనాడే తెలుసు" అన్నాడు చిన్నకొడుకు.

"నాన్న జన్మలో అంత పొడుగు వాక్యం మాట్లాడాడా అమ్మా" అన్నాడు పెద్దకొడుకు. "మాకు తెలీదా? కూర్చో."

ఎవరో నవ్వారు. పిన్ని కూర్చుంది, కూర్చున్నాక ఏడ్చింది. చిన్నకొడుకు ఆమె చేతిసంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

పొడుగాయన లూకా దగ్గరికి వచ్చాడు. తన రాత చదివేవాళ్లలో ఆ ప్రసంగాలు స్వయంగా విన్నవాళ్లు ఉండొచ్చని లూకాకు తెలిసే ఉంటుందని తన నమ్మకమన్నాడు. వాక్యాలు లూకావి, సంగతి వాళ్లది. ఆ తర్వాత ఆయనన్న వాక్యం దగ్గర బావ ఆగిపోయాడు. నుదుటి చెమట కంట్లోకి కారింది. తుడుచుకోలేదు.

"మాట అన్నవాడే విని, నేనిలా అనలేదే అంటే... అదీ అబద్ధసాక్ష్యం, అంటున్నారు" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

కర్ర తాత లేచాడు. కర్ర టకటకలాడుతూ వేదిక దాకా వచ్చింది. బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక గోడ ఉంది.

"నా ప్రశ్న ఏమని చెప్పావు ఆయనకి?"

"మా వాతావరణం మీకు పడిందా అని... అడిగారన్నాను."

"ఆయనేమన్నాడు?"

"కొంచెం వేడిగా ఉంది గానీ నిద్ర బాగా పడుతోందన్నారు."

"నా ప్రశ్న మళ్లీ అడుగు. నేనడిగిందే అడుగు" అన్నాడు తాత. గొంతు తగ్గించి, "ఇంకోటి కూడా. మరి నమ్మొచ్చా అని" అన్నాడు.

బావ అడిగాడు. ఒకే సంగతిని మూడుచోట్ల మాటలు మార్చి రాసినవాడు, మనం మాటలకు కాక సంగతికి పట్టుబడాలనే కోరుకుని ఉంటాడన్నాడు పొడుగాయన. "నమ్మొచ్చు. ఇదంతా తెలిసే నేను నమ్ముతున్నాను" అన్నాడు. తాత వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కర్ర నేలను కొట్టలేదు.

మూడో సాయంత్రం కూడా బావే నిలబడ్డాడు. వేరే దిక్కు లేదు కదా. అక్క నాలుగుసార్లు చొక్కా మార్పించింది, నాలుగూ తడిసిపోయాయి. చేతులు రెండూ ప్యాంటుకు అతికించుకుని, చదువు అప్పజెప్పే పిల్లవాడిలా, ఆయనన్నది అన్నట్టు చెప్పాడు. ప్రతి వాక్యం తర్వాత పొడుగాయన మొహం చూసి గానీ తర్వాతిదానికి వెళ్లలేదు. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు కునికారు.

అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఒకావిడ పక్కావిడతో అంది: "మొదటిరోజు అయ్యగారు ఎంత బాగా చెప్పారు. తర్వాత ఎందుకో పస తగ్గింది."

పొడుగాయన అక్కడే ఉన్నాడు. ఆమె ఏమందో చెప్పమని బావవైపు వంగాడు. బావ నావైపు చూశాడు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల దించేశాను. బావ పొడుగాయనవైపు తిరిగి, ఆమె అన్నది అన్నట్టు చెప్పాడు.